సెంటు సందేహాలు: షాపులో ఒక వాసన, ఇంటికొచ్చాక ఇంకో వాసన

ప్రశ్న: షాపులో కాగితం ముక్క మీద కొట్టి ఇచ్చినప్పుడు నారింజ తొక్క వాసనతో హాయిగా ఉందని మూడు వేలు పెట్టి పెర్‌ఫ్యూమ్ కొన్నాను. ఇంటికొచ్చి కొట్టుకుంటే అరగంటకే ఆ వాసన పోయింది. సాయంత్రానికి వెనీలా ఐస్‌క్రీమ్ వాసన మిగిలింది. నకిలీది అంటగట్టారంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇంతమాత్రానికే నకిలీ అనలేం. అసలు సరుకు కూడా ఇలాగే మారుతుంది, అలా మారేలాగే దాన్ని కూరుస్తారు. ఒక్కో పెర్‌ఫ్యూమ్‌లో పదుల సంఖ్యలో, కొన్నిట్లో వందకు పైగా వాసన పదార్థాలుంటాయి. అవన్నీ ఒకేసారి గాల్లోకి లేవవు. తేలిగ్గా ఆవిరయ్యేవి ముందు లేస్తాయి, మొండివి ఆఖరున. మీకు షాపులో నచ్చింది మొదటి పావుగంట మాత్రమే. డబ్బు కట్టింది మాత్రం రోజంతటికీ.

నిమ్మ, నారింజ తొక్కల నూనెలో ఎక్కువ పాలు లిమొనీన్ అనే పదార్థం. ఒంటి వేడికి అది నిమిషాల లెక్కన పోతుంది. తర్వాత పూలు, దినుసుల వంతు. గులాబీలో ఉండే జెరానియాల్, లావెండర్‌లోనూ మన ధనియాల నూనెలోనూ ఉండే లినలూల్, మల్లె జాతి పూల చల్లదనాన్నిచ్చే హెడియోన్ లాంటివి ఈ నడిమి భాగంలో ఒకటి తర్వాత ఒకటి తెలుస్తాయి. ఇది రెండు నుంచి నాలుగు గంటల వ్యవహారం. చివరికి మిగిలేవి గంధం, వట్టివేరు, ప్యాచూలి అనే ఆకు నూనె, వెనీలా వాసననిచ్చే వెనిలిన్, కస్తూరి వాసననిచ్చే కృత్రిమ మస్క్‌లు. ఇవి ఒంటి మీద ఆరు గంటలు దాటి ఉంటాయి, బట్ట మీదైతే మర్నాటికీ తెలుస్తాయి. కంపెనీవాళ్లు టాప్ నోట్స్, హార్ట్ నోట్స్, బేస్ నోట్స్ అని రాసేది ఈ మూడు దశలనే. గంట కొట్టినట్టు ఒకటి ఆగి ఇంకొకటి మొదలవదు. వెనిలిన్ మొదటి నిమిషం నుంచీ అక్కడే ఉంటుంది, పైవాటి హడావుడిలో వినపడదు, అంతే.

బరువైన అణువు నెమ్మదిగా ఆవిరవుతుందని చాలాచోట్ల రాస్తారు. అది సగమే నిజం. లినలూల్ అణుభారం 154, వెనిలిన్‌ది 152. దాదాపు సమానం. అయినా లినలూల్ కాసేపట్లో పలచబడుతుంది, వెనిలిన్ రాత్రిదాకా వదలదు. లినలూల్ మామూలు వేడిలో పలుచని ద్రవం, వెనిలిన్ మాత్రం 80 డిగ్రీలు దాటితే గానీ కరగని తెల్లటి పలుకు. దాని అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి గాల్లోకి అంత త్వరగా రావు. మీకు ఐస్‌క్రీమ్ వాసన మిగలడానికి కారణం ఇదే.

కాగితానికి వేడీ లేదు, జిడ్డూ లేదు. అందుకే దాని మీద నారింజ వాసన ఎక్కువసేపు ఉన్నట్టు అనిపించింది. ఈసారి కొనేటప్పుడు కాగితం మీద నాలుగైదు చూసి, అందులో రెండిటిని మాత్రం ఒంటి మీదికి తెచ్చుకోండి. ఒకటి కుడి మోచేతి మడతలో, రెండోది ఎడమ మోచేతి మడతలో. కొట్టిన వెంటనే ముక్కు ఆనించొద్దు. ముందు తగిలేది స్పిరిట్ ఘాటే, అది పోవడానికి అర నిమిషం పడుతుంది. పావుగంట తర్వాత ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి, ఆరు గంటల తర్వాత ఇంకోసారి చూడండి. మూడోసారి కూడా నచ్చితే మర్నాడు వెళ్లి కొనండి. ‘ఆఫర్ ఈరోజే’ అని సేల్స్‌మన్ తొందరపెడితే పెట్టనివ్వండి. మధ్యలో వాసన చూడమని కౌంటర్ మీద కాఫీ గింజలు పెడతారు చూడండి, వాటిలో ప్రత్యేకమైన మహిమేమీ లేదు. బయటికొచ్చి రెండు నిమిషాలు మామూలు గాలి పీల్చినా ముక్కు అంతే తేరుకుంటుంది.

ప్రశ్న: సీసాల మీద ఓ ద పర్ఫామ్, ఓ ద టాయ్‌లెట్, కొలోన్, బాడీ మిస్ట్ అని రకరకాలుగా రాసి ఉంటుంది. ధర ఎక్కువున్నదే ఎక్కువసేపు నిలుస్తుందా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఆ పేర్లు చెప్పేది స్పిరిట్‌లో వాసన నూనెల పాలు ఎంత అని. స్థూలంగా చెప్పాలంటే, ఎక్స్‌ట్రే అనే అన్నిటికన్నా చిక్కటి రకంలో 20 నుంచి 30 శాతం, ఓ ద పర్ఫామ్‌లో 15 నుంచి 20, ఓ ద టాయ్‌లెట్‌లో 5 నుంచి 15, కొలోన్‌లో 2 నుంచి 5, బాడీ మిస్ట్‌లో అంతకన్నా తక్కువ. ఈ అంకెలు వాడుకలో ఉన్నవే తప్ప చట్టం గీసిన గీతలు కావు. ఒక కంపెనీ టాయ్‌లెట్ ఇంకో కంపెనీ పర్ఫామ్ కన్నా చిక్కగా ఉండొచ్చు.

నిలవడం మాత్రం శాతాన్ని బట్టి కాదు, ఆ శాతంలో ఏముందన్న దాన్ని బట్టి. 20 శాతం పోసినా అంతా నిమ్మ, నిమ్మజాతిదే అయిన బెర్గమాట్ అయితే గంటకే అయిపోతుంది. 8 శాతమే పోసినా అందులో గంధం, వట్టివేరు, మస్క్ ఉంటే సాయంత్రం దాకా వస్తుంది. ఇంకో సంగతి, ఒకే పేరుతో టాయ్‌లెట్, పర్ఫామ్ రెండూ అమ్ముతుంటే రెండోది మొదటిదాన్ని చిక్కబరిచిందని అనుకోవద్దు. చాలాసార్లు కూర్పే వేరు. పర్ఫామ్‌లో తీపి, కట్టె వాసనలు పెంచి పులుపు తగ్గిస్తారు. టాయ్‌లెట్ నచ్చి, ‘దీనికన్నా గట్టిది’ అని పర్ఫామ్ కొని నిరాశపడేవాళ్లు ఎక్కువ. రెండూ విడివిడిగా చూసుకోవాలి.

కొలోన్ అంటే మన పెద్దవాళ్లకు జ్వరం గుర్తొస్తుంది. యూడీకొలోన్‌లో రుమాలు తడిపి నుదుటి మీద వేసేవారు. జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా కుటుంబం 1709లో మొదలుపెట్టిన వ్యాపారంతో ఆ పేరు ప్రసిద్ధమైంది. అది నిలవడానికి చేసింది కాదు, చల్లబరచడానికి. కాబట్టి అరగంటలో పోయిందని దాన్ని తిట్టడం అన్యాయం. మండు వేసవిలో సీసా వెంట ఉంచుకుని రెండు మూడుసార్లు కొట్టుకోవాల్సిందే.

డియోడరెంట్ వేరే లెక్క. ‘యాంటీపర్‌స్పిరెంట్’ అని ఉంటే అందులో చెమటను తగ్గించే అల్యూమినియం లవణాలుంటాయి, అది చంకల కోసం. దాని మీద ఉండే వాసన మీ పెర్‌ఫ్యూమ్‌తో కొట్లాడకుండా ఉండాలంటే వాసన లేని రకం తీసుకోండి. ఖరీదు లెక్క వేసుకోవాలంటే, పూర్తిగా ఒక నొక్కు నొక్కితే దాదాపు 0.1 మిల్లీలీటరు వస్తుంది. 100 మి.లీ. సీసా అంటే వెయ్యి నొక్కులు. రోజుకు మూడు చొప్పున వాడితే పదకొండు నెలలు.

ప్రశ్న: మా అన్నయ్య పెళ్లికి చార్మినార్ దగ్గర అత్తర్లు కొందామనుకుంటున్నాం. ఒక దుకాణంలో 12 మి.లీ. గులాబీ అత్తరు రెండు వందలు, ఇంకోచోట అదే పేరుతో మూడు వేలు చెప్పారు. అసలుది ఎలా పోల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు అత్తరు ఎలా చేస్తారో చెబితే ధరలో తేడా దానంతటదే అర్థమవుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఇప్పటికీ పాత పద్ధతే. డేగ్ అనే పెద్ద రాగి కాగులో పూలు, నీళ్లు పోసి మూత చుట్టూ మట్టి మెత్తి కింద మంట పెడతారు. ఆవిరి చోంగా అనే వెదురు గొట్టంలోంచి భప్కా అనే రాగి కూజాలోకి దిగుతుంది. ఆ కూజా నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది, దాని అడుగున ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. ఆవిరి చల్లబడుతుంటే పూల వాసన ఆ గంధపు నూనెలో చేరుతుంది. తర్వాత నీటిని వేరుచేసి వంచేసి, మళ్లీ కొత్త పూలు వేసి, అదే నూనెకు పట్టిస్తారు. కావలసినంత వాసన ఎక్కేదాకా ఇలా రోజుల తరబడి సాగుతుంది. మంట ఎక్కువైతే పూలు మాడి అత్తరుకు కమురు వాసన వస్తుంది. అందుకే కాగు దగ్గర కూర్చున్న మనిషి చేయి పెట్టి కూజా వేడి చూస్తూ, తొట్టిలో నీళ్లు మారుస్తూ ఉంటాడు.

ఇప్పుడు లెక్క చూడండి. మంచి గంధపు నూనె కిలో లక్ష రూపాయల పైమాటే. అంటే గ్రాము వంద రూపాయలకు తక్కువ కాదు. పాత లెక్కలో తులం అంటే 11.66 గ్రాములు, మీరన్న 12 మి.లీ. సీసా దాదాపు అంతే. పూలు, కట్టెలు, కూలీ ఏవీ కలపకుండానే అడుగు నూనెకే పన్నెండు వందలు అవుతుంది. రెండు వందల సీసాలో గంధం ఉండే అవకాశమే లేదు. అందులో ఉండేది డీఈపీ, డీపీజీ లాంటి ద్రావకమో, లిక్విడ్ పారఫిన్ నూనెనో, దానిలో కలిపిన కృత్రిమ గులాబీ వాసనా. అది విషం అనడం లేదు, మంచి కృత్రిమ గులాబీ కూడా రెండు మూడు గంటలు బాగానే ఉంటుంది. గంధం మీద దింపిన అత్తరు అని చెప్పి అమ్మితేనే మోసం. అలాగని మూడు వేలు చెప్పినంత మాత్రాన అసలుదని కూడా కాదు. ధర తక్కువైతే అసలుది కాదని చెప్పగలం, ఎక్కువైతే ఏమీ చెప్పలేం.

గాజు గ్లాసులో నీళ్లు పోసి ఒక చుక్క వేసి చూడమని చెబుతుంటారు. ఆ పరీక్ష కొంతవరకే పనికొస్తుంది. డీపీజీ నీళ్లలో కలిసిపోతుంది, చుక్క తీగలు తీగలుగా కరిగితే అనుమానించొచ్చు. డీఈపీ నీటికన్నా బరువు, కాబట్టి మునుగుతుంది. గంధపు నూనె తేలుతుంది. పారఫిన్ కూడా తేలుతుంది కాబట్టి తేలినంత మాత్రాన నమ్మడానికి లేదు. ఇంతకన్నా నమ్మదగ్గ పరీక్ష మీ చేతి మీదే ఉంది. మణికట్టు లోపల ఒక చుక్క రాయించుకుని, పత్తర్‌గట్టిలో మిగతా బజారు పనులు చూసుకోండి. నాలుగు గంటల తర్వాత గులాబీ తగ్గి, కింద నుంచి పాలమీగడ లాంటి మెత్తని గంధం తేలితే అది సరైన దారిలో ఉన్నట్టు. మొదటి నిమిషంలో ఎంత ఉందో చివరిదాకా అదే గీతలా సాగి ఒక్కసారిగా మాయమైతే కృత్రిమం.

దుకాణంలో రెండు ప్రశ్నలు అడగండి. ‘అడుగు నూనె ఏంటి?’, ‘ఇది రూహా, అత్తరా?’ అని. రూహ్ అంటే గంధం కలపకుండా పువ్వు నుంచో వేరు నుంచో నేరుగా తీసిన నూనె. రూహ్ గులాబ్ బంగారంతో సమానమైన సరుకు, పెళ్లికి పంచడానికి కాదు. వట్టివేరు నుంచి తీసే రూహ్ ఖస్ రాగి కాగుల వల్ల పచ్చగా ఉంటుంది, ఎండాకాలం పెళ్లికి అంతకన్నా మంచిది మా ఎరుకలో లేదు. అగరు చెక్క నుంచి తీసే ఊద్ కావాలంటే మాత్రం మగపెళ్లివారి తరఫున ఒక్కరే పూసుకోండి. ఏసీ హాల్లో పదిమంది ఊద్ పూసుకుని కూర్చుంటే భోజనాల బంతిలో సాంబారు వాసన కూడా తెలియదు.

అత్తరులో స్పిరిట్ ఉండదు కాబట్టి అది చుట్టుపక్కలకు ఎగజిమ్మదు, దగ్గరికొచ్చినవాళ్లకే తెలుస్తుంది. కొట్టుకునేది కాదు, అద్దుకునేది. గాజుపుల్లతో మణికట్టుకు ఒక చుక్క, చెవి వెనుక ఒక చుక్క చాలు. చెవి మడతలో అత్తరు దూది పెట్టుకునే పాత అలవాటు చాలా తెలివైనది, చర్మానికి తక్కువ తగిలి గాలికి ఎక్కువ అందుతుంది. పట్టు మీద మాత్రం పడనివ్వకండి. నూనె మరక పట్టులోంచి పోదు.

ప్రశ్న: నా స్నేహితురాలు వాడే పెర్‌ఫ్యూమే నేనూ కొన్నాను. తనకు సాయంత్రం దాకా ఉంటుంది, నాకు గంటలో పోతుంది. నా ఒంటి తత్వమే అంతా?
– బ్యాంకు ఉద్యోగిని, గుంటూరు

జవాబు: ముందు అది నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. ఒకే వాసన ఇరవై నిమిషాలు వరసగా తగిలితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మెడ మీద, గుండెల మీద కొట్టుకుంటే అది రోజంతా మీ ముక్కు కిందే ఉంటుంది కాబట్టి మీకే ముందు తెలియకుండా పోతుంది. ఎదుటి సీటు ఆవిడని అడగండి, ‘ఇంకా ఘుమఘుమలాడుతూనే ఉన్నావు’ అంటుంది. దీన్ని గమనించక మధ్యాహ్నం మళ్లీ ఆరుసార్లు కొట్టుకుని కౌంటర్ దగ్గర జనానికి తలనొప్పి తెప్పించేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొందరికి కొన్ని మస్క్‌లు పుట్టుకతోనే తెలియవు. గాలక్సోలైడ్ అనే మస్క్ అలాంటిదే, సబ్బుల్లో డిటర్జెంట్లలో బాగా వాడతారు. మీ పెర్‌ఫ్యూమ్ అడుగు భాగమంతా అదే అయితే, అది ఒంటి మీద ఉన్నా మీ ముక్కుకు లేనట్టే.

నిజంగానే పోతుంటే ఎక్కువసార్లు కారణం పొడి చర్మం. జిడ్డు ఉన్న చర్మం వాసన నూనెలను పట్టి ఉంచుతుంది, పొడి చర్మం మీద అవి త్వరగా ఎగిరిపోతాయి. స్నానం చేసి తుడుచుకున్నాక వాసన లేని మాయిశ్చరైజర్ గానీ, కొంచెం పెట్రోలియం జెల్లీ గానీ రాసి, ఐదు నిమిషాలు ఆగి, నాలుగైదు అంగుళాల దూరం నుంచి కొట్టుకోండి. కొబ్బరినూనె వద్దు, దాని వాసన దానిదే. మోచేతి మడతలు, మెడ వెనుక మంచి చోట్లు. ఒక నొక్కు చున్నీ అంచుకో, నూలు చీర కొంగు లోపలి వైపుకో కొడితే ఇంకా మంచిది. బట్టకు ఒంటి వేడి తగలదు, చెమట కలవదు, వాసన దాదాపు మారకుండా నిలుస్తుంది. ముందు అంచు మీద మరక పడుతుందేమో చూసుకోండి.

మణికట్లు రెండూ రుద్దితే ‘అణువులు నలిగిపోతాయి’ అంటారు. అణువులు నలగవు. రాపిడి వేడికి పైనున్న నిమ్మ, నారింజ లాంటివి ఇంకొంచెం త్వరగా పోతాయి, అంతే. రుద్దకపోతే మంచిదే, రుద్దితే కొంపలేమీ మునగవు.

ప్రశ్న: మల్లెపూల సెంటు అని ఎన్ని కొన్నా జడలో పెట్టుకున్న మల్లెల వాసన రావడం లేదు. ఎందుకని?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: జడలో ఉన్న పువ్వు ఇంకా పని చేస్తూనే ఉంటుంది. సాయంత్రం మొగ్గ విచ్చుకున్నప్పటి నుంచి తెల్లవారేదాకా వాసన పదార్థాలను కొత్తగా తయారు చేస్తూ వదులుతుంది. అందుకే ఆరు గంటల మల్లె వాసన, పదకొండు గంటల మల్లె వాసన ఒకటి కావు. సీసాలో ఉన్నది ఏదో ఒక క్షణం దగ్గర ఆగిపోయిన మల్లె.

తీసే పద్ధతి కూడా వాసనను మారుస్తుంది. మల్లెను ఉడికిస్తే దాని సున్నితం చెడుతుంది. కన్నౌజ్‌లో బేలా, మోతియా పేర్లతో అమ్మే అత్తర్లు మన మల్లెలవే, వాటిలో కొంచెం ఉడికిన పువ్వు ఛాయ ఉంటుంది. పెర్‌ఫ్యూమ్ కంపెనీలకు వెళ్లే సరుకు తమిళనాడులో మదురై, కోయంబత్తూరు వైపు హెక్సేన్ ద్రావకంతో తీస్తారు. ముందు మైనంలాంటి కాంక్రీట్ వస్తుంది, దాన్ని ఆల్కహాల్‌తో కడిగితే ఆబ్సొల్యూట్ అనే చిక్కటి సారం. కిలో ఆబ్సొల్యూట్‌కు వందల కిలోల పూలు కావాలి. ఇందులో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. విడిగా చూస్తే బీరువాలో వేసే కలరా ఉండల వాసన, కాస్త ఎక్కువైతే కుళ్లు కంపు. కానీ అది లేకపోతే మల్లె మల్లెలా ఉండదు, సబ్బులా ఉంటుంది. చవక సెంట్లలో ఇండోల్ తగ్గించి, అరటిపండు ఛాయ ఉన్న బెంజైల్ ఎసిటేట్ దండిగా పోస్తారు. మీకు తేడా కొట్టేది అక్కడే.

ఈసారి లేబుల్ మీద ‘జాస్మిన్ సంబాక్’ అని ఉన్నది చూడండి, మన మల్లె అదే. ఉత్త ‘జాస్మిన్’ అంటే ఎక్కువగా జాజి జాతి పువ్వు. కొట్టుకున్న వెంటనే ఘాటుగా ఉందని పక్కన పెట్టకండి, గంట తర్వాత చూడండి. అప్పటికీ మూర మల్లెలతో పోటీ పడదు లెండి. ఎండాకాలం రాజమండ్రిలో ఉండి సెంటు సీసా వెతకడం దేనికి?

ప్రశ్న: మెడ మీద పెర్‌ఫ్యూమ్ కొట్టుకునే చోట గోధుమరంగు చార పడింది. మానేయాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ చోట వెంటనే మానేయండి, చర్మవైద్యులకు చూపించండి. చార ధారగా కారినట్టు ఉంటే, ఎండకు సంబంధించినది కావచ్చు. బెర్గమాట్ లాంటి నిమ్మజాతి తొక్కల నూనెల్లో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కమిలి, తర్వాత నల్లటి మచ్చ మిగులుతుంది. పేరున్న కంపెనీలు దాన్ని తీసేసిన నూనె వాడతాయి. ఊరూపేరూ లేని సీసాలు, ఇంట్లో నిమ్మనూనెతో కలుపుకునేవి ప్రమాదం. దురద, పొక్కులు కూడా ఉంటే అలర్జీ అనుకోవాలి. లిమొనీన్, లినలూల్ గాలికి పాతబడితే అలర్జీ తెప్పించే గుణం పెరుగుతుంది, కాబట్టి ఏళ్లనాటి సీసాను ఒంటికి వాడకండి. కొత్తది కొన్నప్పుడు మోచేతి మడతలో ఒక చుక్క రాసి రెండు రోజులు చూశాకే మెడకు. ఎండలోకి వెళ్లే రోజు బట్టల మీదే కొట్టుకోండి.

ప్రశ్న: నాలుగేళ్ల కిందటి సీసాలో రంగు ముదిరింది. పారేయాలా? అలాగే ఇండియా వచ్చేటప్పుడు ఎన్ని సీసాలు తేవచ్చు?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: రంగు ముదిరినంత మాత్రాన చెడినట్టు కాదు. వెనిలిన్ ఉన్నవి వాటంతటవే తేనె రంగుకు తిరుగుతాయి. కాగితం మీద కొట్టి చూడండి. మొదటి నిమిషంలో వెనిగర్ పులుపో, పాత నూనె కంపో వస్తే చెడింది. మొదటి వాసన పలచబడి తర్వాతిది బాగుంటే బట్టలకు వాడుకోవచ్చు. చాలామంది బాత్రూమ్ అద్దం ముందు పెడతారు, అక్కడి వేడి ఆవిరి దాని ఆయుష్షు తీస్తుంది. డబ్బాలోనే ఉంచి బట్టల బీరువాలో పెట్టండి. ఫ్రిజ్ అక్కర్లేదు.

విమానంలో చేతి సంచీలో ఒక్కో సీసా 100 మి.లీ. మించకూడదు. చెక్ ఇన్ పెట్టెలో ఒక్కోటి 500 మి.లీ. దాకా, డియోలూ హెయిర్ స్ప్రేలూ కలుపుకుని మనిషికి మొత్తం రెండు లీటర్ల దాకా ఒప్పుకుంటారు. మూత చుట్టూ టేపు వేసి, జిప్ కవర్‌లో పెట్టి, బట్టల మధ్య సర్దండి. సీసా నిండుగా ఉంటేనే మేలు, సగం ఖాళీగా ఉన్నదాంట్లో గాలి వ్యాకోచించి పంపు దగ్గర కారే అవకాశం ఎక్కువ. తిరుగు ప్రయాణంలో ఆవకాయ సీసా ఉన్న పెట్టెలో మాత్రం పెట్టకండి.